పోలియో సూదులు అయ్యాక చుక్కలు కూడా వేయించాలా?

చిట్టితల్లి: బాబుకి ప్రైవేటులో పోలియో ఇంజెక్షన్లు మూడూ అయిపోయాయి. ఆదివారం పల్స్ పోలియో. ఆశా వర్కర్ చుక్కలు వేయించమంటోంది, మా ఆయన వద్దంటున్నారు.

సూటిమాట: వద్దు. సూదిలో చచ్చిన వైరస్, చుక్కల్లో బలం తగ్గించిన బతికున్న వైరస్. లక్షల్లో ఏ ఒక్కరికో దానివల్లే కాళ్లు పడిపోతాయి. అమెరికా 2000లోనే చుక్కలు మానేసింది.

గోదారిగట్టు: సగమే చెప్పారు. సూదితో రక్తంలో యాంటీబాడీలు వస్తాయి, వైరస్ నరాల దాకా పోదు. కానీ పోలియో వచ్చేది నోటి ద్వారా, పెరిగేది పేగుల్లో. చుక్కల మందు కూడా అక్కడే పెరుగుతుంది కాబట్టి పేగు పొరల్లో ఐజీఏ అనే యాంటీబాడీ తయారై వైరస్‌ని అక్కడే అడ్డుకుంటుంది. సూది ఒక్కటే పడిన పిల్లాడికి జబ్బు రాకపోయినా వాడి మలంలో వైరస్ బయటికి రావచ్చు. సూదులు ముందే పడ్డాయి కాబట్టి మీరన్న ప్రమాదం ఈ బాబుకి దాదాపు లేనట్టే.

పప్పుచారు: ఇంకు గుర్తు లేకపోతే మర్నాడు ఇంటికే వస్తారు. అదో టెన్షన్.

సూటిమాట: 2016లో హైదరాబాద్ మురుగునీటిలో దొరికిన టైప్ 2 వైరస్ (పోలియో వైరస్ మూడు రకాల్లో ఒకటి) చుక్కల మందులోంచి పుట్టిందే కదా?

గోదారిగట్టు: అవును. ఆ ఏప్రిల్‌లోనే టైప్ 2ని చుక్కల్లోంచి తీసేశారు. అప్పుడు పిల్లలకి వేసింది కూడా సూదే, చర్మం పొరలోకి 0.1 మి.లీ.

సూటిమాట: అంటే ఐదో వంతు! డబ్బున్నోళ్లకి 0.5, సర్కారు పిల్లలకి 0.1.

గోదారిగట్టు: చర్మంలో రోగనిరోధక కణాలు ఎక్కువ, కొంచెం మందుకే స్పందిస్తాయి. ఒక పూర్తి డోసు కన్నా ఇలాంటివి రెండు వేస్తేనే యాంటీబాడీలు బాగా వచ్చాయి. చదివి మాట్లాడండి.

సూటిమాట: చదవక్కర్లేదు సార్, ఇంట్లోనే చూశా. మూడుసార్లు చుక్కలు పడ్డాకే మా తమ్ముడికి కాలు పోయింది. ఆ సెంటర్లో మందు చల్లగా ఉంచారో లేదో అడిగిన నాథుడు లేడు. ఊరి కోసం వేయించమంటారు, ఊరెప్పుడైనా మా గడప తొక్కిందా?

గోదారిగట్టు: వాళ్లమీద నమ్మకం పోయిందంటే కాదనను. ఆ కోపం పేగుల మీద చూపిస్తే ఎలా?

సూటిమాట: ఆవిడ అడిగింది తన బిడ్డ గురించి. మీరు చెప్పేది పక్కింటి బిడ్డ గురించి.

గోదారిగట్టు: రెండూ చెప్పాను. ఆ పక్కింట్లో సూది పడని పసిపాప ఉంటే?

చిట్టితల్లి: మా ఆయనకి చూపిస్తాను. బాబుకి నిన్నటి నుంచి విరేచనాలు, వేయించొచ్చా?

గోదారిగట్టు: వేయించొచ్చమ్మా. విరేచనాలప్పుడు మందు పేగుల్లో సరిగా పనిచేయకపోవచ్చు, తగ్గాక ఇంకో డోసు అడగండి.

సూటిమాట: చూశారా, మళ్లీ ఇంకో డోసు!