86 డెసిబెల్స్ స్పీకర్లకు ముందు వాల్వ్ ప్రీయాంప్ పెడితే ప్రయోజనం ఉంటుందా?

మల్కాజిగిరిలో మా హాలు 12 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు ఉంటుంది. స్పీకర్ల సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కు ఎంత గట్టిగా మోగుతాయో చెప్పే అంకె) 86 డెసిబెల్స్, ఇంపెడెన్స్ (విద్యుత్తుకు అవి చూపే నిరోధం) 4 ఓమ్‌లు. వీటిని రెండేళ్లుగా ఛానెల్‌కు ఒక ఈఎల్84 వాల్వ్ (పాతకాలపు రేడియోల్లో ఉండే గాజు గొట్టం లాంటిది) ఉన్న, సుమారు 5 వాట్ల సింగిల్ ఎండెడ్ (ఆ ఒక్క వాల్వే స్పీకర్‌ను నడిపే) యాంప్లిఫయర్‌తో నడుపుతున్నాను. గాత్రం, వీణ హాయిగా వినిపిస్తాయి గానీ, వాల్యూమ్ సగం దాటాక మృదంగం తొప్పి మీద దెబ్బ పడగానే నాదం చెదిరి, గాయకుడి గొంతు కూడా బొంగురుపోతోంది.

స్పీకర్ వైర్లను యాంప్లిఫయర్ వెనకున్న 8 ఓమ్‌ల ట్యాప్ (వైరు బిగించే చోటు) నుంచి 4 ఓమ్‌ల ట్యాప్‌కు మార్చాను. కొంత బిగువు వచ్చింది, అంతే. కొత్త వాల్వుల జత వేసినా తేడా లేదు. తరువాత మిత్రుడి 50 వాట్ల ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ తెచ్చి, రెండు యాంప్లిఫయర్లూ ఒకే బిగ్గరగా మోగేందుకు 400 హెర్ట్జ్ టోన్ పెట్టి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్‌లో రెండింటికీ 1 వోల్టు వచ్చేలా సరిచూసుకుని విన్నాను. మృదంగం నిలబడింది, వీణ మీటు మాత్రం పొడిగా తోచింది. వాల్వ్ యాంప్లిఫయర్‌కు అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (దాని సొంత లోపలి నిరోధం) ఎక్కువ కనుక, స్వరాన్ని బట్టి వచ్చే స్పీకర్ ఇంపెడెన్స్ హెచ్చుతగ్గులను బట్టి ధ్వని కొద్దిగా మారుతుందని, నాకు నచ్చిన మాధుర్యం అక్కడి నుంచే వస్తోందేమోనని నా అనుమానం. (మే నెలలో ఆ వాల్వుల వేడి పక్కన కూర్చోవడం వేరే శిక్ష.)

స్పీకర్లు మార్చే ఉద్దేశం లేదు. ట్రాన్సిస్టర్ పవర్ యాంప్లిఫయర్‌కు ముందు వాల్వ్ ప్రీయాంప్ (పవర్ యాంప్లిఫయర్‌కు సిగ్నల్ అందించే చిన్న దశ) చేరిస్తే ఆ వీణ నాదం తిరిగి దక్కుతుందా, లేక అది స్పీకర్లను నేరుగా నడిపే వాల్వ్ అవుట్‌పుట్ దశతోనే పోయినట్టా?