అడ్వాన్సులో కోత పెడితే, అద్దెదారు తీసుకున్న ఫొటోలకు విలువ ఉంటుందా?

అద్దెదారు, మారతహళ్లి:
బెంగళూరులో పది నెలల అద్దె అడ్వాన్సుగా ఇచ్చి, మూడేళ్లు ఉన్న ఇంటిని గత నెలలో ఖాళీ చేశాను. పెయింటింగుకని ఒక నెల అద్దె పట్టుకోవడం ఇక్కడి ఆనవాయితీ కనుక దానిపై నాకు పేచీ లేదు. అయితే సింకు కింది అలమర తలుపు నాని ఉబ్బిందని ఇంటి యజమాని మరో పన్నెండు వేలు కోశారు. నేను దిగిన రోజుకే అది ఉబ్బి ఉంది. అప్పటి ఫొటో చూపిస్తే, ఎప్పుడు తీశారో తనకేం తెలుసన్నారు. మరి ఫొటోలు తీసుకుని ప్రయోజనమేమిటి?

ఇంటి యజమాని, కూకట్‌పల్లి:
మీ ఫోనులోనే ఉండిపోయిన ఫొటోను ఆయన నమ్మాలనడం సబబు కాదు. మా ఇంట్లో దిగేవారితో కలిసి గదిగదీ తిరిగి, కుళాయిలు తిప్పి, గీజరు వేసి చూసి, కరెంటు మీటరు రీడింగుతో సహా రాసిన కాగితంపై ఇద్దరం సంతకాలు చేస్తాం. ఒకసారి బాత్రూము టైలు పగులు అందులో నా చేతిరాతలోనే ఉండటంతో, అద్దెదారు దగ్గర పైసా పట్టుకోలేకపోయాను.

అద్దెదారు, మారతహళ్లి:
మీరు రాయించారు కాబట్టి సరిపోయింది. నేను అడిగినప్పుడు, ఇల్లు చూడటానికి ఇంకా నలుగురు వస్తున్నారని జవాబు వచ్చింది. పది నెలల సొమ్ము అవతలివారి చేతిలో ఉండగా సంతకం కోసం పట్టుబట్టడం తేలిక కాదు.

న్యాయవాది, విజయవాడ:
2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్సును రెండు నెలల అద్దెకు పరిమితం చేసింది. ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే గోడల సున్నం, తలుపుల రంగులు యజమానివి, కుళాయి వాషర్లు, స్విచ్చుల మరమ్మతులు అద్దెదారువి. రాష్ట్రం తన చట్టంగా తెచ్చుకుంటేనే అది అమలవుతుంది. ఇక ఫొటో విషయానికొస్తే, వాట్సాప్‌లో మామూలుగా పంపినప్పుడు దానిలో ఇమిడిన తేదీ వివరాలు పోతాయి గానీ, సందేశం చేరిన తేదీ ఇద్దరి ఫోన్లలోనూ మిగులుతుంది. అందుకే దిగిన రోజునే పంపమంటాను. కోర్టుదాకా వెళితే మాత్రం, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం, ఆ ఫొటో ఏ పరికరం నుంచి ఎలా వచ్చిందో తెలిపే ధ్రువపత్రం జతచేయాలి. పన్నెండు వేలకు అంతదూరం వెళ్లేవారు అరుదు.

అద్దెదారు, మారతహళ్లి:
మీ మాట చదివి పాత సందేశాలు వెతికాను. దిగిన నాలుగో రోజున సింకు పైపు కారుతోందని ఆయనకు పంపిన వీడియోలో ఆ తలుపు ఉబ్బు స్పష్టంగా కనిపిస్తోంది. దాని కిందే "ప్లంబరును పంపిస్తాను" అన్న ఆయన జవాబు ఉంది. దాన్నే ఇప్పుడు ఆయనకు తిరిగి పంపాను.