బ్యాటరీ టెంపరేచర్ సెన్సార్: మీటర్‌లో ఓమ్స్ చూస్తే చాలా, చార్జింగ్‌లో పెట్టి చూడాల్సిందేనా?

కొర్లగుంట కరెంటు:
24 వోల్టుల ఇన్వర్టర్ చార్జర్, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు రెండు. తిరుపతిలో మేడ మీద రేకుల గది. బ్యాటరీ వేడెక్కితే వోల్టేజి దించమని చార్జర్‌కు చెప్పే సెన్సార్ ఉంది. దానిది రెండు తీగల కేబుల్, కొసన రింగు లగ్గు, నెగటివ్ టెర్మినల్‌కి బిగించి ఉంది. పొద్దున్నే గదిలో 30 డిగ్రీలున్నప్పుడు ప్లగ్గు పీకి మీటర్ పెడితే 7.9 కిలో ఓమ్స్ వచ్చింది. రీడింగ్ వస్తోంది కాబట్టి సెన్సార్ మంచిదే అని ఒక మెకానిక్ అంటాడు. చార్జింగ్ వోల్టేజి మారితేనే మంచిదన్నట్టు అని ఇంకొకాయన వాదన. బ్యాటరీలేమో నీళ్లు తెగ తాగేస్తున్నాయి. ఎవరి మాట పట్టుకోవాలి?

రేణిగుంట రెక్టిఫయర్:
మొదటాయన మాట సగం నిజం. మీది 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్స్ చూపే ఎన్‌టీసీ థర్మిస్టర్ అయ్యుండాలి. వేడి పెరిగే కొద్దీ దాని ఓమ్స్ తగ్గుతాయి. బీటా విలువ (వేడికి ఓమ్స్ ఎంత వేగంగా మారతాయో చెప్పే అంకె) 3950 అయితే 0 దగ్గర సుమారు 33 కిలో ఓమ్స్, 30 దగ్గర 8, 40 దగ్గర 5.3, 45 దగ్గర 4.35 రావాలి. కాబట్టి మీ 7.9 సరిగ్గానే ఉంది.

కానీ ఒక్క చోట సరిపోతే చాలదు. బజార్లో 3435 బీటా సెన్సార్లు కూడా దొరుకుతాయి. 30 దగ్గర అవీ దాదాపు 8.3 చూపిస్తాయి, తేడా కంటికి ఆనదు. 45 దగ్గర మాత్రం 4.35 బదులు 4.85 వస్తుంది. చార్జర్ దాన్ని 42 డిగ్రీలనుకుంటుంది. అందుకే చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి చూడాలి.

చల్లటి పరీక్షకు స్టీలు గ్లాసులో ఐసు చితక్కొట్టి, ముక్కలు మునిగేలా కాసిన్ని నీళ్లు పోయండి. ఫ్రిజ్‌లోంచి తీసిన ఐసు ఒక్కటే అయితే సున్నా కంటే చల్లగా ఉంటుంది, నీళ్లు కలిస్తేనే సున్నాకు వస్తుంది. సెన్సార్‌ను పల్చటి ప్లాస్టిక్ కవర్లో చుట్టి ముంచి, కలుపుతూ ఐదు నిమిషాలాగి చూడండి. వేడి పరీక్షకు గోరువెచ్చని నీళ్లు చాలు. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ 40 డిగ్రీల దగ్గర బాగా నమ్మదగ్గది, అదీ ఇదీ కలిపి ముంచండి. మరిగే నీళ్లలో వేయొద్దు, లగ్గులో పోసిన ఎపాక్సీ పగులుతుంది.

మీటర్ 20 కె రేంజిలో పెట్టండి, ఐసు పరీక్షకు మాత్రం 200 కె. 33 కిలో ఓమ్స్ 20 కె రేంజిలో పట్టదు. రెండు ప్రోబుల మొనలూ వేళ్లతో పట్టుకోవద్దు. చెమట చేతులైతే ఒళ్లు కూడా రెసిస్టరే, 10 కిలో ఓమ్స్ కాస్తా 9కి దిగుతుంది.

చిత్తూరు ట్యూబులర్:
అన్నా, ఐసు, థర్మామీటర్ అంతా బాగానే ఉండాది. కానీ సెన్సార్ బాగున్నంత మాత్రాన పని జరగతా ఉన్నట్టేనా? తీగుండాది, ప్లగ్గుండాది, చార్జర్ లోపల సర్క్యూట్ ఉండాది, సెట్టింగ్ ఉండాది. వీటిలో ఏది పోయినా ఓమ్స్‌లో కనపడదు. నేనైతే సెన్సార్ ముట్టుకోను. వేడి బ్యాటరీ అబ్జార్ప్షన్‌లో, అంటే వోల్టేజిని పైన నిలకడగా పట్టి నింపే దశలో ఉన్నప్పుడు ప్లగ్గు పీకేదే. సెన్సార్ లేకుంటే చాలా చార్జర్లు 25 డిగ్రీలని లెక్కేసుకుంటాయి. బ్యాటరీ 40లో ఉంటే టెర్మినల్స్ దగ్గర వోల్టేజి పైకి పోవాల. పోయిందా, మొత్తం బాగున్నట్టే.

లెక్క ఇది: సెల్లుకు డిగ్రీకి 4 మిల్లీవోల్టులు. 24 వోల్టులంటే 12 సెల్లులు, డిగ్రీకి 48 మిల్లీవోల్టులు. 15 డిగ్రీలకు 0.72 వోల్టు. 28.8 పెట్టుకునుంటే 40 దగ్గర 28.08 చూపించాల, ప్లగ్గు పీకితే 28.8కి రావాల.

అలిపిరి ఓమ్స్:
ఈ పరీక్ష మంచిదే కానీ షరతులున్నాయి.

ఒకటి, బల్క్ దశలో, అంటే మొదట వేగంగా నింపేటప్పుడు చేస్తే ఏమీ కదలదు. అప్పుడు చార్జర్ కరెంటు పరిమితిలో ఉంటుంది, వోల్టేజి బ్యాటరీ చేతిలో ఉంటుంది. కదల్లేదని మంచి సెన్సార్లు చెత్తబుట్టలో పడేది ఇక్కడే. అబ్జార్ప్షన్‌లోనో ఫ్లోట్‌లోనో (నిండాక తక్కువ వోల్టేజితో నిలిపి ఉంచే దశ) వోల్టేజి నిలకడగా ఉందని చూసుకున్నాకే చేయాలి. రెండు, కొన్ని చార్జర్లు సెన్సార్ ఉందా లేదా అన్నది స్విచ్ వేసినప్పుడే చూసుకుంటాయి. మధ్యలో పీకితే ఎర్రర్ ఇచ్చి ఆగేవీ ఉన్నాయి. మూడు, బ్యాటరీ రకం లిథియం అని పెట్టుంటే వోల్టేజి అసలు మారదు. అక్కడ సెన్సార్ పని మరీ వేడిలో, మరీ చలిలో చార్జింగ్ ఆపడమే.

సెన్సార్ బదులు రెసిస్టర్ పెట్టి చూడటం ఇంకా శుభ్రమైన పద్ధతి. 10 కె పెడితే చార్జర్‌కు 25 డిగ్రీలు, 5.6 కె పెడితే దాదాపు 38న్నర. ఒకటి తీసి ఇంకొకటి పెట్టి ఐదారు నిమిషాలాగితే 24 వోల్టుల సిస్టంలో 0.65 వోల్టు తేడా రావాలి. తేడా వస్తే చార్జర్ మంచిది, ఇక తప్పు ఉంటే సెన్సార్ వైపే. రెసిస్టర్ ఖర్చు రూపాయో రెండో.

పలమనేరు పవర్:
10 కె రెసిస్టర్ అలాగే ఉంచేస్తే పోదా సార్? కొందరు అలాగే చేస్తున్నారు.

అలిపిరి ఓమ్స్:
ఉంచితే ఏడాది పొడుగునా 25 డిగ్రీలని చార్జర్‌కు అబద్ధం చెప్పినట్టే. మే నెలలో తిరుపతి రేకుల గదిలో బ్యాటరీ 40 దాటుతుంది. అప్పుడు 12 వోల్టుల బ్యాటరీకి 0.36 వోల్టు ఎక్కువ పోతుంది. అబ్జార్ప్షన్ గంటా రెండు గంటలే, ఫ్లోట్ రోజంతా. అందుకని నష్టం ఫ్లోట్‌లోనే ఎక్కువ. నీళ్లు తాగేది అందుకే.

రేణిగుంట రెక్టిఫయర్:
అదే ప్రమాదం తుప్పుతో కూడా వస్తుంది, దీన్నెవరూ పట్టించుకోరు. ప్లగ్గు పిన్నులకు యాసిడ్ ఆవిరి తగిలి పచ్చగా మారితే వరసలో ఓమ్స్ చేరతాయి. 45 డిగ్రీల దగ్గర సెన్సార్ 4.35 చూపాల్సింది, ఒక కిలో ఓమ్ కలిసి 5.35 అవుతుంది. చార్జర్ దాన్ని 40 అనుకుని వోల్టేజి పెంచుతుంది. చల్లటి పొద్దున 8కి 1 కలిసినా మూడు డిగ్రీల లోపే తేడా, వేడిలో ఐదు. అంటే ఈ తప్పు వేడిలోనే ముదురుతుంది. కేబుల్‌లో తేమ చేరితే తిరగబడుతుంది: ఓమ్స్ తగ్గి బ్యాటరీ వేడిగా ఉన్నట్టు కనిపిస్తుంది, చార్జింగ్ చాలక ప్లేట్లకు సల్ఫేట్ పడుతుంది.

కాబట్టి కొలిచేటప్పుడు సెన్సార్ దగ్గర కాదు, చార్జర్‌లోకి దూరే కొస దగ్గర కొలవండి. మీటర్ పెట్టి కేబుల్ అటూ ఇటూ వంచండి, అంకె ఎగిరితే తీగ లోపల తెగింది.

ఇంకో మాట. అన్ని సెన్సార్లూ ఎన్‌టీసీ కాదు. ఎల్‌ఎం335 చిప్పు ఉన్నవాటికి ఓమ్స్ పరీక్ష పనికిరాదు. వాటికి ప్లస్ మైనస్ ఉంటాయి. చార్జర్‌కు తగిలించే ఉంచి వోల్టులు చూడాలి: 25 డిగ్రీలకు 2.98, డిగ్రీకి 10 మిల్లీవోల్టుల చొప్పున పెరిగి 40కి 3.13.

చిత్తూరు ట్యూబులర్:
ఒప్పుకుంటా. అయినా 12 వోల్టులు, ఒక్క బ్యాటరీ ఇంటికి ఇంత అవసరమా అని నా డౌటు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా అబ్జార్ప్షన్ వోల్టేజి 14.4ను 14.0కి దించుకుంటే సరిపోతాది కదా? చవక ఇన్వర్టర్లు కొన్నిటిలో సెన్సార్ బోర్డు మీదే ఉంటాది. అది కొలిచేది ట్రాన్స్‌ఫార్మర్ వేడిని, బ్యాటరీని కాదు. దానికంటే చేత్తో దించుకునేదే మేలు.

అలిపిరి ఓమ్స్:
సెట్టింగ్ మార్చే వీలుంటే, మార్చేది గుర్తుంటే సరే. ఫ్లోట్ కూడా 13.7 నుంచి 13.35 చుట్టుపక్కలకు దించాలి. చలికాలంలో తిరిగి ఎక్కించకపోతే మాత్రం బ్యాటరీ ఎప్పుడూ ఆకలితోనే ఉంటుంది.

కొర్లగుంట కరెంటు:
చార్జర్ కొస దగ్గర కొలిచాను, 30 డిగ్రీలకు 9.1 వచ్చింది. ప్లగ్గు పిన్నులు పచ్చగా ఉన్నాయి. ఇంకో అనుమానం: లగ్గు పవర్ కేబుల్ కింద, బ్యాటరీ పోస్టును తాకుతూ ఉంది. సరేనా?

రేణిగుంట రెక్టిఫయర్:
1.2 కిలో ఓమ్స్ ప్లగ్గులోనే పోతున్నాయి, దొరికింది. ప్లగ్గు కడిగి బాగుచేసే తిప్పలు వద్దు, కోసేసి కొత్తది వేయండి. అతుకుకు టంకం వేసి హీట్ ష్రింక్ తొడగండి.

లగ్గు మాత్రం సరికాదు. ముందు పోస్టు, దాని మీద పవర్ కేబుల్, ఆ పైన సెన్సార్ లగ్గు. మధ్యలో ఉంటే వంద ఆంపియర్ల కరెంటు ఆ పల్చటి రేకు గుండా పోయి అదే వేడెక్కుతుంది. చార్జర్ ఆపి, ఉంగరాలూ వాచీ తీసేసి మార్చండి. ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో సరిచూసుకునేటట్లయితే మెరిసే సీసం మీద కొట్టొద్దు, తక్కువ చూపిస్తుంది. నల్ల టేపు ముక్క అంటించి దాని మీద చూడండి.

ఇవన్నీ అయ్యాక ఫుల్ చార్జిలో యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ పెట్టండి. 27 డిగ్రీలకు 1.240 దగ్గర ఉండాలి. యాసిడ్ 42లో ఉంటే రీడింగ్‌కు 0.010 కలుపుకోండి. ఒక్కో సెల్లూ రాసి పెట్టండి. అన్నీ ఒకేలా నీళ్లు తాగితే తప్పు చార్జింగ్‌ది. ఒకటో రెండో తాగుతుంటే ఆ సెల్లులదే, సెన్సార్‌తో సంబంధం లేదు.