105 దాటితే బండి వెనక ఊగుతోంది, కారణం దొరకట్లేదు

నెల్లూరు–ఒంగోలు హైవే మీద నా 650 సీసీ టూరింగ్ బండి గంటకు 105–110 కిలోమీటర్ల మధ్య ఒక్కోసారి పాములా ఊగుతోంది. హ్యాండిల్ కొట్టుకోదు. సెకనుకు రెండు మూడుసార్లు బండి మొత్తం అటూ ఇటూ పోతుంది, యాక్సిలరేటర్ వదిలితే 90 దగ్గర సర్దుకుంటుంది. మొన్న కావలి దాటాక వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు అదే స్పీడులో అసలు రాలేదు, టెన్షన్ అదే.

వీల్ బ్యాలెన్సింగ్ చేయించాను, కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) కొత్తది వేయించాను. గాలి చల్లటి టైర్లలో ముందు 32, వెనక 36 పీఎస్ఐ. సైడ్ బాక్సులు తీసేస్తే తగ్గింది కానీ పోలేదు. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రాన్ని పక్కకి లాగితే చేతికి సన్నగా ‘టక్’మని తగులుతోంది. వీల్ బేరింగులు మార్చినా అంతే. మెకానిక్ మాత్రం మామూలేనంటున్నాడు, నాకు నమ్మకం లేదు.

ముందుగా స్వింగార్మ్ (వెనక చక్రాన్ని ఫ్రేముకి కలిపే చేయి) బేరింగ్ విప్పించాలా, వెనక షాక్ అబ్జార్బర్ చూపించాలా?