ఎంబీఏకు నల్లగొండా, హైదరాబాదా, పూణెనా?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి)

అందరికీ నమస్కారం. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె, నేను ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. మా చెల్లె నల్లగొండలో బీకాం చివరి సెమిస్టరు పరీక్షలు రాసి ఇంటికి వచ్చింది. ఎంబీఏ చదవాలన్నది దాని పట్టుదల, ఎక్కడ చదవాలన్నదే పది రోజులుగా మా ఇంట్లో నడుస్తున్న పంచాయితీ. నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలో సీటు వస్తే వారం వారం ఇంటికి రావచ్చని అమ్మ అంటుంది. నేను హైదరాబాద్ అంటున్నాను. ఇంతలో పూణెలోని ఒక ప్రైవేటు సంస్థ చెల్లెకు ఎంబీఏ లాంటి రెండేళ్ల మేనేజ్‌మెంట్ కోర్సు పీజీడీఎంలో సీటు ఇస్తామని రాసింది. ఫీజు, హాస్టల్ కలిపి రెండేళ్లకు 9 లక్షలు అవుతుందట, వచ్చే శనివారంలోగా 50 వేలు కట్టి సీటు ఖాయం చేసుకోవాలట. మన రాష్ట్రంలో ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ ఇంకా రాయనేలేదు. మూడెకరాల బత్తాయి తోట తప్ప మాకు వేరే ఆస్తి లేదు. అంత దూరం పోతే నిజంగా ఫలితం ఉంటుందా, లేక ఊరి పేరుకే డబ్బు పోస్తున్నామా అన్నది అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (నల్లగొండ వాసి, హైదరాబాద్‌లో ఉద్యోగ నియామకాల పని)

మీ ఇంట్లో ముగ్గురూ కళాశాల గురించి వాదించుకుంటున్నారు కానీ, మీ చెల్లె మొదటి ఉద్యోగం ఏ ఊళ్లో చేయాలనుకుంటుందో ముందు అడగండి. ఐఐఎంల వంటి పెద్ద సంస్థలను పక్కన పెడితే, మిగతా కళాశాలలకు వచ్చే కంపెనీలు చాలావరకు ఆ చుట్టుపక్కల తమ శాఖల్లో ఖాళీలు నింపుకోవడానికే వస్తాయి. పూణె కళాశాలకు వచ్చే బ్యాంకు మహారాష్ట్రలోని కొలువులకు మనుషులను వెతుక్కుంటుంది, అక్కడ ఖాతాదారులతో మరాఠీలోనో హిందీలోనో మాట్లాడవలసి ఉంటుంది. అదే బ్యాంకు హైదరాబాద్‌లో తెలుగు వచ్చినవారిని వెతుకుతుంది. మొదటి సంవత్సరం తర్వాత చేసే రెండు నెలల ఇంటర్న్‌షిప్ కూడా ఈ దారిలోనే నడుస్తుంది, చాలామందికి ఉద్యోగం అక్కడి నుంచే మొదలవుతుంది.

నల్లగొండ, పాలమూరు విశ్వవిద్యాలయాలను నేను తక్కువ చేయడం లేదు. 2007లో ఒకటి, 2008లో మరొకటి వచ్చాక మన జిల్లాల ఆడపిల్లలు ఎంతమంది పీజీ గడప తొక్కారో కళ్లారా చూశాను. అయితే నా పనిలో ఉన్నవారు ఇంటర్వ్యూల కోసం ఉస్మానియాకు వెళ్లినంత తరచుగా నల్లగొండ విశ్వవిద్యాలయం ఉన్న అన్నెపర్తికి రారన్నది నిజం. మీ మిల్లు వంటి వ్యాపారంలోనో, మఠంపల్లి సిమెంటు పరిశ్రమల్లోనో, జడ్చర్ల మందుల కంపెనీల్లోనో పని చేయాలనుకుంటే మాత్రం దగ్గరి చదువే లాభం, ఎందుకంటే ప్రాజెక్టు పనికి రోజూ వెళ్లి రాగలిగినవారే అక్కడ గుర్తుంటారు.

పూణె సంస్థ సంగతికొస్తే, వారి కరపత్రంలో ఉన్న అత్యధిక ప్యాకేజీని చూడకండి. కేంద్ర ప్రభుత్వం విద్యాసంస్థలకు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం దరఖాస్తు చేసిన ప్రతి సంస్థా తాను సమర్పించిన సమాచారాన్ని తన వెబ్‌సైటులో ఉంచాలి. ఆ పత్రంలో రెండేళ్ల పీజీ కోర్సు పట్టికను వెతకండి. ఏ ఏడు ఎంతమంది చేరారు, గడువులోగా ఎంతమంది ఉత్తీర్ణులయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వారి మధ్యస్థ జీతం ఎంత అన్నవి ఒకే వరుసలో ఉంటాయి. మధ్యస్థ జీతమంటే ఉద్యోగం వచ్చిన వారిలో సగంమందికి అంతకంటే తక్కువే వచ్చిందని అర్థం. ఉద్యోగం రానివారు ఆ లెక్కలోనే లేరు, కాబట్టి చేరినవారి సంఖ్య పక్కన వేలు పెట్టి చదవండి. ఆ పత్రమే లేకపోతే ఎందుకు లేదని ఫోన్ చేసి అడగండి.

ఇంకొకటి, పీజీడీఎం అనేది డిప్లొమా. విశ్వవిద్యాలయం ఇచ్చేది ఎంబీఏ డిగ్రీ. ప్రైవేటు కంపెనీలు ఆ తేడాను పెద్దగా పట్టించుకోవు. రేపు పీహెచ్‌డీ చేయాలన్నా, అధ్యాపక ఉద్యోగానికి వెళ్లాలన్నా ఆ డిప్లొమా ఎంబీఏతో సమానమని భారత విశ్వవిద్యాలయాల సంఘం (ఏఐయూ) ఇచ్చే గుర్తింపు ఉందో లేదో అడుగుతారు.

జవాబు 2 (మహబూబ్‌నగర్, విశ్రాంత బ్యాంకు ఉద్యోగి)

బాబూ, తోటను నమ్ముకొని 9 లక్షల రుణానికి వెళ్లకండి. విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు సాధారణంగా ఆస్తి హామీ అడుగుతాయి. వ్యవసాయ భూమికి సర్ఫేసీ చట్టం వర్తించదు, అంటే బాకీ పడితే బ్యాంకు దానిని ఆ చట్టం కింద వేలం వేయలేదు. అందుకే మేనేజర్ తోట కాగితాలు పక్కన పెట్టి ఇల్లు ఉందా, ప్లాటు ఉందా అని అడుగుతాడు. నేను ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు అదే అడిగేవాడిని, పాసుపుస్తకం పట్టుకొని వచ్చిన తండ్రుల ముఖం చూడలేక తల దించుకున్న రోజులూ ఉన్నాయి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో హామీ లేకుండా రుణం ఇస్తారు కానీ, అది ఎంపిక చేసిన సంస్థల జాబితాకే పరిమితం. మీ పూణె సంస్థ అందులో ఉందో లేదో ముందు చూసుకోండి.

లెక్క కూడా చెబుతాను. వడ్డీ పదిన్నర శాతం, గడువు ఏడేళ్లు అనుకుంటే 9 లక్షలకు ఈఎంఐ నెలకు సుమారు 15,200 రూపాయలు పడుతుంది, చదువుకునే కాలంలో పేరుకునే వడ్డీ దీనికి అదనం. చేతికి 30 వేలు వచ్చే పిల్లకు ఈఎంఐ పోగా మిగిలే సగంతో పూణెలో కిరాయి, తిండి, బస్సు ఖర్చులు వెళ్లాలి. ఫీజు రీయింబర్స్‌మెంటుకు మీ చెల్లె అర్హురాలైతే, రాష్ట్రం దాటితే అది ఏమవుతుందో జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయంలో ఒకసారి అడిగి రండి.

జవాబు 3 (దేవరకొండ, పూణెలో చదివినవారు)

నేను వెళ్లాను, కాబట్టి రెండు వైపులా చెబుతాను. మొదటి గ్రూప్ డిస్కషన్‌లో ఎనిమిదిమంది చుట్టూ కూర్చుంటే, నేను చెప్పదలచుకున్నది లోపల ఇంగ్లిష్‌లో పేర్చుకునేలోపే విషయం మారిపోయింది. హాస్టల్ గదిలో అద్దం ముందు నిలబడి మాట్లాడుతూ మాట్లాడుతూ ఆరు నెలలకు ఆ బెరుకు పోయింది. దేవరకొండలో ఉండి ఉంటే అది పోయేది కాదని ఇప్పటికీ అనుకుంటాను. ప్లేస్‌మెంట్ల దగ్గర మాత్రం మోసపోయాను. మేనేజ్‌మెంట్ ట్రైనీ అని చెప్పి ఇచ్చిన ఉద్యోగంలో రోజుకు వంద ఫోన్లు చేసి బీమా పాలసీలు అమ్మవలసి వచ్చింది. అంతకుముందు చదువు మధ్యలో మానేద్దామంటే కళాశాల నా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వకుండా నెల రోజులు తిప్పింది. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని ఇలాంటి కోర్సులకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ నిబంధన ఉన్నట్టు నాకు అప్పుడు తెలియదు. ఎక్కడ చేరినా వాటిని చూపించి అక్కడే వెనక్కి తీసుకోమని చెల్లెకు చెప్పండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి పూణె సంస్థ ఎన్‌ఐఆర్‌ఎఫ్ పత్రాన్ని మిల్లు కంప్యూటర్‌లో తెరిచి, చెల్లెను పక్కన కూర్చోబెట్టుకొని చదివాను. చేరినవారి సంఖ్యకూ ఉద్యోగం వచ్చినవారి సంఖ్యకూ నడుమ ఉన్న తేడా చూసి అది చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత తనే శనివారం డబ్బు కట్టొద్దని చెప్పింది. నల్లగొండకు మాత్రం ఒప్పుకోవడం లేదు, గ్రూప్ డిస్కషన్ సంగతి చదివాక ఆ పట్టు ఇంకా పెరిగింది. ఐసెట్‌లో 200 ప్రశ్నలకు నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఈ మిగిలిన రోజులు దాని మీదే కూర్చుంటుంది. ఒక్క సందేహం మిగిలింది. ఐసెట్ తర్వాత కళాశాలలను వరుసగా ఎంచుకునే వెబ్ ఆప్షన్లలో ఉస్మానియాను మొదట పెట్టి నల్లగొండను చివర పెడితే, నల్లగొండ సీటు కూడా చేజారే ప్రమాదం ఉందా?

జవాబు 1

సీటు మీ ర్యాంకును బట్టి, మీరు పెట్టిన వరుసలో పైనుంచి కిందికి చూసి ఇస్తారు. ఉస్మానియాను ముందు పెట్టినందువల్ల నల్లగొండలో మీ ర్యాంకుకు ఉన్న అవకాశం తగ్గదు. రెంటి మధ్యా హైదరాబాద్‌లో మీకు నచ్చిన కళాశాలలన్నీ పెట్టండి, కానీ ఊరి చివర ఉన్నవాటికి హాస్టల్ ఉందో లేదో చూసుకున్నాకే పెట్టండి.