ఆన్‌లైన్ కోర్సులో రెండేళ్లు ముందున్న పిల్లలకు పై తరగతుల్లో ఇబ్బంది ఉంటుందా?

ప్రశ్న: ఐదో తరగతి పాప ఆన్‌లైన్‌లో ఏడో తరగతి లెక్కల కోర్సు పూర్తిచేసింది. క్విజ్‌లన్నిట్లో 90 శాతం పైనే. ఇక బీజగణితం మొదలుపెట్టించొచ్చా?

లెక్కలమాస్టారు: ముందు ఆ 90ని పక్కన పెట్టండి. చాలా కోర్సుల్లో ఆప్షన్లుంటాయి, హింట్ ఉంటుంది, తప్పితే మళ్లీ నొక్కొచ్చు. అధ్యాయం ముగిసిన మూడు వారాలకు, వీడియో చూడనివ్వకుండా, తెల్ల కాగితం మీద ఎనిమిది లెక్కలు మెట్లతో సహా చేయించండి. ఎన్ని తప్పాయన్నదాని కంటే ఏ మెట్టులో తప్పిందో చూడాలి. 1/2 + 1/3 = 2/5 అని రాసిందనుకోండి, లవాలూ హారాలూ విడివిడిగా కూడేసిందన్నమాట. ఆప్షన్లలో 5/6 కనబడితే ఇదే పిల్ల ఠక్కున గుర్తుపడుతుంది! ఆ తప్పే తర్వాత 1/ఎక్స్ + 1/వై దగ్గర 2/(ఎక్స్ + వై) అయి కూర్చుంటుంది. 2012లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ సీగ్లర్ బృందం అమెరికా, బ్రిటన్ పిల్లల వివరాలు పరిశీలించింది. పదేళ్ల వయసులో భిన్నాలు, భాగహారం ఎంత వచ్చన్నదాన్ని బట్టి హైస్కూల్ లెక్కల్లో ఎలా ఉంటారో అంచనా వేయొచ్చని తేల్చింది. బీజగణితానికి తొందరేమీ లేదండీ.

నల్లబల్ల: మాస్టారి మాటకు ఒక చేర్పు. కోర్సులో చివరి జవాబు టైప్ చేస్తే సరిపోతుంది, బడి పరీక్షలో మెట్లకూ మార్కులుంటాయి. అందుకని లెక్క తెరమీదకు రాగానే వీడియో ఆపించి, ముందు నోట్సులో తనను చేయమనండి, ఆ తర్వాతే ప్లే. 1.5 వేగం అస్సలొద్దు. ఇంకోటి, అన్నీ ముందే చూసేసిన పిల్లలు క్లాసులో వినరు, హోంవర్కు ఎగ్గొడతారు. కోర్సు వరుస, బడి సిలబస్ వరుస ఒకటి కాదు కాబట్టి మధ్యలో దాటేసినవి బయటపడేది ఆ క్లాసులోనే. నన్నడిగితే ఆన్‌లైన్ కోర్సు ముందుకు పరిగెత్తడానికి కన్నా వెనకబడింది పూడ్చుకోవడానికి బాగా పనికొస్తుంది.

ప్రశ్న అడిగినవారు: భిన్నాల్లో తప్పులొస్తే కోర్సు మళ్లీ మొదట్నుంచీ చేయించాలా?

లెక్కలమాస్టారు: అక్కర్లేదు, ఆ ఒక్క పాఠం చాలు. అదీ వీడియోతో కాదు. కాగితపు పట్టీని ఆరు సమభాగాలుగా మడిపించండి. సగమంటే మూడు గళ్లు, మూడో వంతంటే రెండు గళ్లు. రెండూ రంగు వేస్తే ఆరింట్లో ఐదు నిండుతాయి. 2/5 అసలు సగం కూడా కాదని, సగానికి ఇంకొంత కలిపితే తగ్గడమేమిటని తనే అడగాలి. హారాలు సమం చేసే పద్ధతి ఆ తర్వాత చెప్పండి.