ఆళ్ళగడ్డ నుంచి ఏథెన్స్ వచ్చాను, ఆరు వారాలు ఎలా గడపాలో చెప్పండి

కొత్త సభ్యురాలు, ఏథెన్స్:

అందరికీ నమస్కారం. మాది ఆళ్ళగడ్డ. నాన్న, పెదనాన్న రాతి శిల్పులు. ఇంటి వెనక షెడ్డులో ఉలి చప్పుడు వింటూ పెరిగాను. శిల్పకళలో డిగ్రీ అయ్యాక ప్రాచీన గ్రీకు కళ, సంప్రదాయ చేతిపనుల మీద ఆరు వారాల కోర్సుకి సీటు వచ్చింది. నాలుగు రోజుల కిందట దిగాను. దేశం దాటడం ఇదే మొదటిసారి. పాంగ్రాతి అనే పేటలో ఇంకో ముగ్గురమ్మాయిలతో కలిసి ఉంటున్నాను.

క్లాసులు ఉదయం పూట. మధ్యాహ్నాలు, శని ఆదివారాలు ఖాళీ. కోర్సు వాళ్ళు ఇచ్చిన జాబితాలో మ్యూజియాలే ఇరవై పైన ఉన్నాయి. నిన్న జాతీయ పురావస్తు మ్యూజియంలో మూడు గంటలు తిరిగాను. బయటికి వచ్చాక ఒక్క బొమ్మ కూడా గుర్తు లేదు, అన్నీ తెల్లగా ఒకేలా అనిపించాయి. రాత్రి నిద్ర పట్టలేదు. నాన్న అప్పు చేసి పంపారు. ఈ ఆరు వారాలు వృథా చేసుకుంటానేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చూడాలి? ఎక్కడైనా ఉలి పట్టుకోనిస్తారా? నేను మాంసం తినను, అమ్మకి దాని గురించే దిగులు.

ఏథెన్స్ నుంచి ఒక అక్క:

చెల్లీ, ముందు ఆ జాబితా పక్కన పెట్టు. శిల్పుల ఇంటి పిల్లవి నువ్వు. పూర్తయిన బొమ్మతో మొదలుపెడితే నీకేమీ అందదు. పని ఎక్కడ కనిపిస్తుందో అక్కడికి ముందు వెళ్ళు. నేను శిల్పిని కాను, కానీ పద్నాలుగేళ్ళుగా ఇక్కడ ఉంటూ, వచ్చినవాళ్ళందరినీ తిప్పుతూ నేర్చుకున్నది ఇదే.

రేపే అక్రోపోలిస్ మ్యూజియంకి వెళ్ళు. అక్కడ కారియాటిడ్‌లు ఉంటారు, అక్రోపోలిస్ కొండమీది ఎరెక్తియాన్ గుడి మండపాన్ని తలమీద మోసిన రాతి ఆడవాళ్ళు. గుడి దగ్గర ఇప్పుడున్నవి నకళ్ళు, అసలు బొమ్మలు ఐదు ఈ మ్యూజియంలో ఉన్నాయి. ఆరోది లండన్‌లో ఉంది. అందరూ ముందు నిలబడి ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. నువ్వు వెనక్కి వెళ్ళు. ఆ జడలు చూడు. పాయలు పాయలుగా అల్లి వీపు మీదికి వదిలిన లావాటి జడ. సన్నటి మెడ విరగకుండా పైబరువుని మోయడానికి ఆ జడే దన్ను. మీ నాన్నగారికి ఫోటో పంపితే ఒక్క చూపులో చెప్పేస్తారు.

అన్నీ తెల్లగా కనిపించాయన్నావు కదా. అవి తెల్లవి కావు, రంగులు పోయినవి. అదే మ్యూజియంలో పెప్లోస్ కోరె అనే అమ్మాయి బొమ్మ ఉంది, క్రీ.పూ. 530 ప్రాంతానిది. దగ్గరగా చూస్తే జుట్టులోనూ బట్ట అంచులోనూ రంగు ఆనవాళ్ళు ఇంకా కనిపిస్తాయి. తర్వాత జాతీయ మ్యూజియంకి మళ్ళీ వెళ్ళి హెగెసో సమాధి రాయి ఒక్కటే చూసి వచ్చెయ్యి. కుర్చీలో కూర్చున్న ఆమె, పనమ్మాయి పట్టుకున్న పెట్టెలోంచి ఒక నగ తీసి చూసుకుంటూ ఉంటుంది. వేళ్ళ మధ్య నగ లేదు. దాన్ని రంగుతో వేశారు, రంగు పోయింది. నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, ఇప్పటికీ ఆ ఖాళీ వేళ్ళ దగ్గర కాసేపు ఆగిపోతాను.

అక్రోపోలిస్ కొండకి టికెట్ తీసుకునేటప్పుడే టైమ్ ఎంచుకోవాలి. పొద్దున మొదటి స్లాట్ తీసుకో. ఎండలు ముదిరితే మధ్యాహ్నం కొండ మూసేస్తారు, గత కొన్ని వేసవుల్లో అలాగే జరిగింది. వారం మధ్యలో వెళ్తే కొండమీది పెద్ద గుడి పార్థెనాన్ దగ్గర రాతిపనివాళ్ళు కనిపించే అవకాశం ఎక్కువ. అసలు కథ అక్కడుంది. పాతకాలం వాళ్ళు రాళ్ళని ఇనుప పట్టీలతో బిగించి చుట్టూ సీసం పోశారు, అందుకే వేల ఏళ్ళు తుప్పు పట్టలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మరమ్మతు చేసినవాళ్ళు ఆ జాగ్రత్త సరిగా తీసుకోలేదు. ఇనుము తుప్పుపట్టి ఉబ్బి పాలరాతినే పగలగొట్టింది. ఇప్పుడు అవి తీసేసి టైటానియం వేస్తున్నారు. విరిగిన చోట అదే పెంటెలి కొండ పాలరాయి కొత్తది తెచ్చి, పాత పగులుకి అచ్చంగా అతికేలా చెక్కుతారు. పాత రాయి తేనెరంగు, కొత్త రాయి తెలుపు. ఆ రెండూ కలిసే గీత దగ్గర నిలబడి చూడు. గట్టి పట్టున్న బూట్లు వేసుకెళ్ళు, కొండమీద రాయి అరిగి అద్దంలా జారుతుంది.

ఉలి గురించి అడిగావు. తీనోస్ దీవికి వెళ్ళాలి. పీర్గోస్ అనే ఊరు మొత్తం పాలరాతి శిల్పులదే. గుమ్మాల మీద చెక్కిన పాలరాతి పలకలు, పడవలూ పక్షులూ పువ్వులూ. 1955 నుంచి అక్కడ శిల్పం నేర్పే బడి ఉంది. తీనోస్ పాలరాతి పనితనాన్ని 2015లో యునెస్కో జాబితాలో చేర్చారు. అక్రోపోలిస్ మీద పనిచేసిన రాతిపనివాళ్ళలో ఆ బడిలో నేర్చుకున్నవాళ్ళు ఉన్నారు. ఊళ్ళో పాలరాతి పనుల మ్యూజియం ఉంది, నేను చూసినవాటిలో నాకు చాలా ఇష్టమైనది అదే. అక్కడ ముందు పెట్టింది బొమ్మల్ని కాదు, పనిముట్లని. గని నుంచి రాయిని ఎలా దించారు, ఏ ఉలి తర్వాత ఏ ఉలి పట్టారు, అన్నీ వరసగా ఉంటాయి.

మీ ఇంటి దగ్గర్లోనే ఏథెన్స్ మొదటి శ్మశానం ఉంది, నడిచి వెళ్ళొచ్చు. భయపడకు, తోటలా ఉంటుంది. అందులో పీర్గోస్‌లో పుట్టిన యన్నూలిస్ హలెపాస్ చెక్కిన 'నిద్రపోతున్న అమ్మాయి' ఉంది. తీనోస్ వెళ్ళే ముందు దాన్ని చూసి వెళ్ళు.

ఇంకో ముఖ్యమైన మాట. ఇక్కడ 'నే' అంటే అవును. మన చెవికి 'కాదు' లాగా వినిపిస్తుంది. కాదనడానికి 'ఓహి' అంటారు, లేదా తల పైకెత్తి కనుబొమలు లేపుతారు. మనం తల అటూ ఇటూ ఊపితే వాళ్ళకి అర్థం కాదు, నోటితో చెప్పు. ఐదు అని చెప్పడానికి అరచెయ్యి చాపి ఎదుటివాళ్ళ ముఖం వైపు ఎప్పుడూ చూపించకు. అది ఇక్కడ పెద్ద తిట్టు.

పైరియస్ నుంచి, ఓడ ఇంజనీరు:

అక్క చెప్పినదానికి ఓడల సంగతి కలుపుతాను. తీనోస్‌కి రఫీనా రేవు నుంచి దగ్గర. ఏథెన్స్‌లో పెదియోన్ తూ ఆరెయోస్ దగ్గర రఫీనా బస్సు ఎక్కాలి. జూలై, ఆగస్టుల్లో మెల్తెమి అనే ఉత్తరపు గాలి వీస్తుంది. బాగా ముదిరితే ఓడలు ఆపేస్తారు. అందుకే ఆదివారం ఆఖరి ఓడకి తిరిగొచ్చి సోమవారం పొద్దున పరీక్ష రాద్దామని లెక్క వేసుకోవద్దు. ఒక రోజు చేతిలో ఉంచుకోండి.

ఆగస్టు 15 చుట్టుపక్కల తీనోస్‌కి వెళ్ళాలంటే చాలా ముందే చూసుకోవాలి. ఆ రోజు మేరీమాత పండగ. రేవు నుంచి కొండమీద గుడి దాకా జనం మోకాళ్ళ మీద వెళ్తారు. మొదటిసారి చూసినప్పుడు నాకు తిరుమల మోకాళ్ళ పర్వతం గుర్తొచ్చి కళ్ళు తడిశాయి.

వీలైతే నక్సోస్ కూడా వెళ్ళండి. అపోలోనాస్ ఊరి పైన పాత గనిలో పదిన్నర మీటర్ల పైన పొడవున్న విగ్రహం సగం చెక్కి వదిలేసి ఉంది. రెండువేల అయిదువందల ఏళ్ళుగా వెల్లకిలా పడుకునే ఉంది. కంచె లేదు, దగ్గరికి వెళ్ళి ఉలి గాట్లు చూడొచ్చు. రాయి ముక్క మాత్రం తీసుకోకండి. ఇక్కడ పాతకాలపు పెంకు ముక్క జేబులో వేసుకున్నా నేరమే.

కొత్త సభ్యురాలు:

అక్కా, అన్నయ్యా, ధన్యవాదాలు. ఇవాళ జడలు చూశాను. ఫోటోలు పంపితే నాన్న ఫోన్ చేసి అరగంట మాట్లాడారు. 'పక్కనుంచి తియ్యి, మెడ దగ్గర మందం చూడాలి' అన్నారు. రేపు మళ్ళీ వెళ్తున్నాను.

ఒక సందేహం. తీనోస్‌లో తెలియనివాళ్ళ పనిచోటికి వెళ్ళి ఏమని అడగాలి? నాకు గ్రీకు రాదు. కుండల పని కూడా చూడాలని ఉంది. భోజనం సంగతి ఎవరూ చెప్పలేదు.

రెథిమ్నో, క్రీట్ నుంచి:

చెల్లెమ్మా, నేను ఇక్కడ హోటల్ వంటగదిలో పనిచేస్తాను కాబట్టి భోజనంతో మొదలుపెడతాను. అమ్మగారికి ధైర్యం చెప్పండి. 'నిస్తీసిమో' అనే మాట నేర్చుకోండి. ఇక్కడివాళ్ళు చర్చి ఉపవాసాల్లో తినే వంటలకి ఆ పేరు, మాంసం పాలు గుడ్లు ఉండవు. రొయ్యలూ ఆక్టోపస్ లాంటివి మాత్రం ఉండొచ్చు, అది అడిగి తెలుసుకోండి. 'ఫావా' అడిగితే మెత్తటి పసుపు పప్పు వస్తుంది, పైన నూనె, ఉల్లిపాయ. వేసవిలో 'వ్లీతా' అడగండి, అది మన తోటకూరే, ఉడకబెట్టి నిమ్మరసం పిండి ఇస్తారు. బెండకాయని 'బామ్యెస్' అంటారు. గెమిస్తా అంటే టమాటాల్లో అన్నం కూరి వండేది, ఒక్కోచోట మాంసం కలుపుతారు కాబట్టి అడగకుండా తినొద్దు. మసాలాలు, కందిపప్పు ఏథెన్స్‌లో ఒమోనియా దగ్గర మెనాండ్రు వీధి కొట్లలో దొరుకుతాయి.

కుండల పనికి క్రీట్ రావాల్సిందే. పైరియస్‌లో రాత్రి ఓడ ఎక్కితే పొద్దునకి ఇరాక్లియోలో ఉంటారు. క్నోసోస్ కోటలో మనిషెత్తు బానలు చూడండి, పిథోస్ అంటారు. నూనె, ధాన్యం దాచుకునేవాళ్ళు. తర్వాత అక్కడికి దగ్గర్లోనే ఉన్న థ్రప్సానో, మా రెథిమ్నో వైపు మార్గరీతెస్ ఊళ్ళకి వెళ్తే ఇప్పటికీ అలాంటి బానలు చేసేవాళ్ళు ఉన్నారు. అంత పెద్ద బాన ఒక్కసారిగా లేవదు. వరసగా చాలా సారెలు, అంటే కుమ్మరి చక్రాలు, పెడతారు. మొదటి దాని మీద ఒక వరస మట్టి లేపి రెండోదానికి వెళ్తారు, అలా చివరిదాకా. అక్కడికి చేరేసరికి మొదటిది కాస్త గట్టిపడి రెండో వరస మోయడానికి సిద్ధంగా ఉంటుంది. అతుకుల మీద తాడులాంటి పట్టీ వేస్తారు, అందానికీ బలానికీ. థ్రప్సానో కుమ్మరులు పూర్వం వేసవంతా జట్లుగా దీవిలో ఊరూరా తిరిగి, మట్టీ నీళ్ళూ దొరికిన చోట ఆవం కట్టి బానలు చేసి ఇచ్చేవాళ్ళు.

పనిచోటికి వెళ్ళేటప్పుడు మధ్యాహ్నం మూడు నుంచి అయిదున్నర మధ్య వద్దు. వేసవిలో అది అందరూ పడుకునే వేళ, చప్పుడు కూడా చేయకూడదు. పొద్దున పదింటికి వెళ్ళి 'కలిమెరా' అనండి. మీ నాన్నగారి పని ఫోటోలు ఫోన్‌లో పెట్టుకుని అవే ముందు చూపించండి. మా నాన్న కుమ్మరి, నేను ఆ ఫోటోతోనే మార్గరీతెస్‌లో ఒక ముసలాయన చక్రం దగ్గర కూర్చోగలిగాను. ఆయనకీ నాకూ ఉమ్మడిగా పది మాటలు కూడా లేవు.

ఏథెన్స్ అక్క:

ఫోటోల మాట నూటికి నూరు పాళ్ళు నిజం. మీ ఇంటి ఉలి ఒకటి సామానులో ఉంటే తీనోస్‌కి తీసుకెళ్ళు, ఓడలో సూట్‌కేసులో పెట్టు. అక్కడ మొనదేలిన ఉలిని 'వెలోని' అంటారు. మీ నల్లరాయి మీద కొట్టినట్టు పాలరాతి మీద నిటారుగా గట్టిగా కొడితే లోపలికి దెబ్బ తగిలి తెల్లటి మచ్చ పడుతుందట. మెరుగు పెట్టినా పోదట. పీర్గోస్‌లో ఒక పనివాడు నాకు ఆ మచ్చ చూపించి మరీ చెప్పాడు.

కుండలంటే కెరమేయికోస్ మర్చిపోకు, పాత ఏథెన్స్ కుమ్మరివాడ. ఇప్పుడక్కడ సమాధి రాళ్ళ మధ్య తాబేళ్ళు తిరుగుతుంటాయి. నల్లబొమ్మల కుండల మీద ఆ నలుపు మామూలు రంగు కాదు. అదే మట్టిని బాగా వడకట్టి పూసినది. ముందు గాలి ఆడనిచ్చి కాలుస్తారు, అంతా ఎరుపు. తర్వాత గాలి మూసి పచ్చికట్టె వేస్తారు, అంతా నలుపు. మళ్ళీ గాలి వదిలితే కుండ ఎర్రబడుతుంది, పూత మాత్రం గాజులా బిగుసుకుపోయి నల్లగానే ఉంటుంది. మన దగ్గర రాకాసి గుళ్ళలో, అంటే పాతకాలపు రాతి సమాధుల్లో, దొరికే నలుపు ఎరుపు కుండలు గుర్తొస్తాయి, అవి బోర్లించి కాల్చినవంటారు.

ఇంకొకటి చెప్పాలి. అక్రోపోలిస్ మ్యూజియం పై అంతస్తులో పార్థెనాన్ శిల్పాల పట్టీ ఉంది. సుమారు 160 మీటర్ల పట్టీలో దాదాపు సగం లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఎల్గిన్ అనే బ్రిటిష్ రాయబారి మనుషులు 1801 నుంచి దించి పట్టుకెళ్ళారు, 1816లో మ్యూజియం కొనుక్కుంది. ఇక్కడ ఆ ఖాళీల్లో తెల్ల ప్లాస్టర్ నకళ్ళు పెట్టారు. తేనెరంగు రాయి, పక్కనే సున్నంలాంటి తెలుపు, మళ్ళీ తేనెరంగు. కిటికీలోంచి ఎదురుగా గుడి. అదే బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి స్తూపం రాళ్ళు కూడా ఉన్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి తవ్వించినవి, 1859లో ఓడలో లండన్ చేరాయి. కొంతకాలం వాటిని ఇలియట్ మార్బుల్స్ అనేవారు, అవి పాలరాయి కాకపోయినా. నేను ఆ పై అంతస్తుకి వెళ్ళినప్పుడల్లా అమరావతిలో అలాంటి గది ఒకటి ఉంటే ఎంత బాగుండునో అనుకుంటాను.

ఇది చదివి లండన్ వెళ్ళాలనిపిస్తుంది, తెలుసు. తొందరపడకు. నువ్వు గ్రీసుకి వచ్చిన షెంగెన్ వీసా బ్రిటన్‌కి చెల్లదు, విడిగా తీసుకోవాలి. నీ వీసా మీద ఎన్నిసార్లు రావచ్చో చూడు. ఒక్కసారే అని ఉంటే బయటికి వెళ్ళాక తిరిగి రానివ్వరు, కోర్సు మధ్యలో ఆగిపోతుంది.

కొత్త సభ్యురాలు:

అక్కా, వీసా చూశాను, ఒక్కసారే అని ఉంది. లండన్ తర్వాత ఎప్పుడైనా. శుక్రవారం మధ్యాహ్నం రఫీనా ఓడకి టికెట్ తీసుకున్నాను, సోమవారం క్లాసు లేదు కాబట్టి ఆ రోజు తిరిగొస్తాను. ఉలి తేలేదు. నాన్నని అడిగితే తన ఉలులన్నీ వరసగా పేర్చి ఫోటో తీసి పంపారు, పక్కన కొలతకి స్కేలు కూడా పెట్టారు. కాయితం మీద ప్రింట్ తీసి పీర్గోస్ తీసుకెళ్తున్నాను. రాగానే రాస్తాను.